బగ్ వాడినోడు దొంగ, బగ్ పెట్టినోడు దొరా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఆన్‌లైన్ గేమ్స్ మీద పేజీ మొత్తం వేసారు, చదివాను. పిల్లలు ఫోన్ వదలట్లేదు, నిద్ర లేదు, చదువు లేదు అన్నంతవరకు నాకేం పేచీ లేదండి, మా ఇంట్లోనూ రోజూ అదే గొడవ. కానీ మధ్యలో ఒక బాక్స్ కట్టి, గేమ్స్‌లో మోసాలు అని హెడ్డింగ్ పెట్టి, హ్యాకులు, ఎయిమ్‌బాట్లు, టీమింగ్, గ్లిచ్‌లు (అంటే బగ్‌లు, గేమ్ తయారీలో మిగిలిపోయిన తప్పులు), ఐప్యాడ్ వ్యూ అన్నిటినీ ఒకే గాటన కట్టేసి ఇవన్నీ పిల్లలకి దొంగ బుద్ధులు నేర్పుతున్నాయి అని తేల్చేసారు చూడండి, అక్కడ ఒళ్ళు మండింది. నేను నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల గేమ్ ఆడిన బ్యాచ్‌లోవాడిని, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు ఫోన్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, అదీ తుపాకుల గేమే) ఆడతాను, ఆడేవాళ్ళ తరఫున నాలుగు ముక్కలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు అసలు సిసలు దొంగతనం సంగతి చెప్పేసి పక్కన పెట్టేద్దాం. బయటి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చి తగిలించుకుని, గోడ అవతలోడు కనపడేలా, గురి దానంతటదే వెళ్ళి తలకి అంటుకునేలా (ఎయిమ్‌బాట్ అంటే ఇదే) చేసుకోవడం, ఇది హ్యాక్. దీని మీద చర్చే లేదు. 2018లో షాంఘైలో ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్ అనే కౌంటర్ స్ట్రైక్ టోర్నమెంట్‌కి మన దేశం నుంచి వెళ్ళిన ఆప్టిక్ ఇండియా టీమ్‌లో ఒకతను మ్యాచ్ మధ్యలోనే దొరికిపోయాడు, ఆ చీట్ ఫైలుకి అతను పెట్టుకున్న పేరు వర్డ్ డాట్ ఈఎక్స్ఈ, చూసినోడు ఏదో లెటర్ టైప్ చేసుకునే సాఫ్ట్‌వేర్ అనుకోవాలని కాబోలు. టీమ్ మొత్తాన్ని టోర్నమెంట్ నుంచి పంపించేసారు, తర్వాత ఆ టీమే రద్దయిపోయింది, అతనికి 5 ఏళ్ళ బ్యాన్ పడింది. సరిగ్గానే చేసారు. ఇలాంటోళ్ళని వెనకేసుకురావడానికి నేను ఈ ఉత్తరం రాయట్లేదు.

నేను మాట్లాడేది రెండో రకం గురించి. బయట నుంచి ఏమీ తేలేదు, గేమ్ ఇచ్చిన గన్నే, గేమ్ ఇచ్చిన గోడే, గేమ్ ఇచ్చిన బటనే, కాకపోతే తయారు చేసినోళ్ళకి తట్టని పని ఒకటి ఆడేవాడికి తట్టింది. ఇది మోసమా తెలివా? ఈ గొడవ ఆన్‌లైన్ గేమ్స్ పుట్టిన దగ్గర్నుంచీ ఉంది. 1997 ఆగస్టులో అల్టిమా ఆన్‌లైన్ అనే గేమ్ ఇంకా టెస్టింగ్‌లో ఉన్నప్పుడు, దాన్ని తయారు చేసిన రిచర్డ్ గారియట్ స్వయంగా లార్డ్ బ్రిటిష్ అనే రాజు వేషంలో జనం ముందుకి వచ్చాడు. ఆ రాజుని ఎవడూ చంపలేకుండా సెట్టింగ్ ఉంది. కానీ సర్వర్ పడిపోయి మళ్ళీ లేచాక ఆ సెట్టింగ్ పెట్టుకోవడం మర్చిపోయారు. రెయిన్జ్ అనే పేరుతో ఆడుతున్న ఒకడు ఎలా ఉంటుందో చూద్దామని నిప్పు మంత్రం విసిరాడు, రాజు గారు అక్కడికక్కడే టపా కట్టేసారు. తర్వాత రెయిన్జ్‌ని గేమ్ నుంచి బ్యాన్ చేసారు, రాజుని చంపినందుకు కాదండీ, అంతకుముందు బగ్‌లు దొరికితే మాకు చెప్పకుండా వాడుకున్నాడు అందుకే అని కంపెనీ చెప్పుకుంది. అయి ఉండొచ్చు. కానీ టైమింగ్ చూస్తే ఎవరైనా నమ్ముతారా? సెట్టింగ్ మర్చిపోయినాయనకి మాత్రం ఏ శిక్షా లేదు, పైగా ఇన్నేళ్ళయినా ఆ కథ చెప్పుకుని అందరూ నవ్వుకుంటున్నారు.

ఇంకోటి 2010 ఫిబ్రవరిలో జరిగింది, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో. లిచ్ కింగ్ అనే బాస్‌ని, అంటే పెద్ద విలన్‌ని, 25 మంది కలిసి కొట్టాలి, ప్రపంచంలో ఎవరు ముందు కొడతారా అని టీమ్‌ల మధ్య పెద్ద రేసు. ఎన్సిడియా అనే గిల్డ్ (ఎప్పుడూ కలిసి ఆడే టీమ్) ముందు కొట్టేసింది. ఒకటి రెండు రోజుల్లో వాళ్ళ అకౌంట్లు 72 గంటలు సస్పెండ్ అయ్యాయి, గెలిచిన బిరుదు పోయింది, వచ్చిన సామాన్లు పోయాయి. ఎందుకంటే ఆ ఫైట్‌లో నిలబడే నేల అంచులు మధ్యలో కూలిపోతాయి, అక్కడ జాగ్రత్తగా ఉండకపోతే కింద పడి చస్తారు, కానీ గేమ్‌లో ఇంజనీరింగ్ అనే విద్య నేర్చుకున్న ప్లేయర్లు విసిరే సారొనైట్ బాంబు పడితే ఆ కూలిన అంచులు మళ్ళీ మొలిచేస్తున్నాయి. ఆ బాంబు వీళ్ళు కొత్తగా కనిపెట్టింది ఏమీ కాదు, ప్రతి ఫైట్‌లోనూ డ్యామేజ్ కోసం విసిరే మామూలు బాంబే. మేము ఎప్పుడూ విసిరేదే విసిరాం అన్నారు వాళ్ళు, నేల తిరిగొస్తుంటే మీకు కనపడలేదా అంది కంపెనీ. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. నా లెక్క ప్రకారం ఆ గెలుపు రద్దు చెయ్యడం కరెక్టే, ఎందుకంటే మిగతా గిల్డ్‌లు ఆ ఫైట్‌ని మొత్తం కష్టంతో ఆడాలి కదా, రేసు అన్నాక అందరికీ ఒకే దారి ఉండాలి. కానీ ఆ 72 గంటల సస్పెన్షన్ ఎందుకు? బాంబుకీ నేలకీ లింకు పెట్టిన కోడ్ ఎవరు రాసారు? వచ్చిన లాభం వెనక్కి తీసుకోవడం వేరు, దొంగ అని ముద్ర వేయడం వేరు, ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీ వ్యాసంలోనూ లేదు, చాలా కంపెనీల బుర్రలోనూ లేదు.

తయారు చేసినోళ్ళు అనుకోనిది ఏదైనా తప్పే అందామా అంటే అదీ కుదరదు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో ఒక దెబ్బ తగిలిన వెంటనే గ్యాప్ లేకుండా ఇంకో దెబ్బ తగిలించే కాంబో అసలు ప్లాన్‌లో లేదు, టెస్టింగ్‌లో కారు పగలగొట్టే బోనస్ స్టేజ్ చూస్తుంటే దాన్ని తయారు చేసిన క్యాప్‌కామ్ వాళ్ళ కంట పడింది, టైమింగ్ కష్టం కదా ఎవడు పట్టుకుంటాడులే అని వదిలేసారు. ఇప్పుడు కాంబో లేకుండా ఫైటింగ్ గేమ్ ఉందా చెప్పండి. క్వేక్ అనే షూటింగ్ గేమ్‌లో తన కాళ్ళ కిందే రాకెట్ పేల్చుకుని మేడ మీదకి ఎగరడం కూడా అంతే, ఆడేవాళ్ళు పట్టుకున్నారు, అదే పెద్ద కళ అయిపోయింది. ఇవన్నీ మోసం అంటే సగం గేమింగ్ చరిత్ర జైల్లో ఉండాలి.

మరి గీత ఎక్కడ గియ్యాలి? దీనికి మూడు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కొంచెం క్లారిటీ వచ్చింది, కాస్త ఓపిగ్గా చదవండి, ఇదే అసలు పాయింట్.

2013లో డోటా 2 అనే టీమ్ గేమ్ ప్రపంచ పోటీ, సియాటెల్‌లో, ది ఇంటర్నేషనల్ అంటారు దాన్ని. నావీ అనే ఉక్రెయిన్ టీమ్‌కి టాంగ్‌ఫూ అనే చైనా టీమ్‌తో మ్యాచ్. పడ్జ్ అనే హీరో కొక్కెం విసిరి ఎదుటోడిని లాగుతాడు, చెన్ అనే హీరో తన టీమ్ వాడిని ఇంటికి పంపించగలడు, కొక్కెం గాల్లో ఉండగా పడ్జ్‌ని ఇంటికి పంపిస్తే, ఆ కొక్కేనికి తగులుకున్నోడు మ్యాప్ అంతా దాటుకుని నేరుగా వీళ్ళ ఇంటి దగ్గరుండే ఫౌంటెన్ ముందు వచ్చి పడతాడు, అక్కడ పడ్డాక బతకడం కష్టం. నావీ ఆటగాళ్ళు డెండీ, పప్పీ కలిసి అదే చేసి ఓడిపోయేలా ఉన్న గేమ్‌ని లాక్కొచ్చేసారు. హాల్ అంతా గోల, టాంగ్‌ఫూ వాళ్ళకి మంట, తర్వాత చాలా రోజులు తిట్టుకున్నారు జనం. కానీ శిక్ష లేదు, ఎందుకంటే ఆ ట్రిక్ రహస్యం ఏమీ కాదు, బాగా ఆడే చాలామందికి తెలుసు, టాంగ్‌ఫూ కూడా కావాలంటే ఆ హీరోలని తీసుకోకుండా ఆపొచ్చు. నచ్చకపోతే మార్చాల్సింది కంపెనీ, మార్చింది కూడా, తర్వాత ప్యాచ్‌లో (గేమ్ అప్‌డేట్‌లో) తీసేసింది.

మరుసటి ఏడాది నవంబర్‌లో స్వీడన్‌లో డ్రీమ్‌హ్యాక్ వింటర్, కౌంటర్ స్ట్రైక్. ఫ్నాటిక్ టీమ్ ఓవర్‌పాస్ మ్యాప్‌లో ఫ్రాన్స్ టీమ్ ఎల్‌డీఎల్‌సీ చేతిలో చిత్తుగా ఓడిపోతోంది, వీళ్ళు 3 రౌండ్లు గెలిస్తే అటు 13 అయిపోయాయి. అప్పుడు ఒకడి మీద ఒకడు ఎక్కి ఎవరూ ఊహించని ఒక అంచు మీద నిలబడ్డారు, అక్కడ నిలబడ్డానికి నిజానికి ఏ దిమ్మా లేదు, కనపడని చిన్న అంచు మీద నిలబడటం అన్నమాట, అక్కడి నుంచి సగం మ్యాప్ కనిపిస్తోంది, 16-13తో గెలిచేసారు. ఇలా కనపడని అంచుల మీద నిలబడకూడదు అని టోర్నమెంట్ రూల్స్‌లో అప్పటికే రాసి ఉంది. ఎల్‌డీఎల్‌సీ కంప్లైంట్ ఇచ్చింది, మీరు కూడా ఇంకో చోట ఎక్కారు కదా అని ఫ్నాటిక్ కూడా ఇచ్చింది, ముందు సగం ఆట మళ్ళీ ఆడండి అన్నారు, తర్వాత మ్యాప్ మొత్తం మళ్ళీ ఆడండి అన్నారు, చివరికి ఫ్నాటిక్ మాకొద్దు అని తప్పుకుంది. ఎల్‌డీఎల్‌సీ కప్పు కొట్టింది. ఇక్కడ చూడండి, రూల్ ముందే ఉంది, లాభం తీసేసారు, మళ్ళీ ఆడమన్నారు, ఎవడినీ ఏళ్ళ తరబడి బ్యాన్ చెయ్యలేదు. ఆ రోజు అడ్మిన్లు (పోటీ నడిపేవాళ్ళు) తడబడ్డారు గానీ చివరికి చేరిన చోటు మాత్రం సరైన చోటే.

మూడోది 2020. అదే కౌంటర్ స్ట్రైక్‌లో కోచ్‌లకి ఒక బగ్ దొరికింది. కోచ్ మామూలుగా తన టీమ్ వాళ్ళు చూసేదే చూడాలి, కానీ ఈ బగ్ తగిలితే అతని కెమెరా మ్యాప్‌లో ఒక మూల ఇరుక్కుపోయి ఎదుటి టీమ్ ఎటు పోతోందో కనపడుతుంది. ఆ సెప్టెంబర్‌లో ఈసిక్ అనే విచారణ సంస్థ పాత మ్యాచ్ రికార్డింగులన్నీ తవ్వి 37 మంది కోచ్‌లకి శిక్షలు వేసింది, కొందరికి నెలలు, కొందరికి ఏళ్ళు. బగ్ వాళ్ళు పెట్టింది కాదు, నిజమే. కానీ డిస్‌కనెక్ట్ అయి మళ్ళీ వస్తే సరిపోయేదానికి, అడ్మిన్‌కి ఒక్క మాట చెప్తే ఆగిపోయేదానికి, నోరు మూసుకుని కూర్చున్నారు. నాకు ఇందులో ఏ అనుమానమూ లేదు, ఇది దొంగతనమే.

కాబట్టి నా కొలత ఒకటే, ఎదుటోడికి చెప్పి చెయ్యగలవా? ఫౌంటెన్ కొక్కెం ముందే చెప్పినా పని చేస్తుంది, వాడు కాచుకుంటాడు, నువ్వు ఇంకా బాగా వెయ్యాలి, అదే ఆట. కోచ్ బగ్ చెప్పిన మరుక్షణం చచ్చిపోతుంది. ఆన్‌లైన్ చెస్‌లో ఓడిపోయే పొజిషన్‌లో ఉండి కూడా ఎదుటోడి క్లాక్ అయిపోయేదాకా టకటకా ఎత్తులు వేసి గెలిచేవాళ్ళని మా ఫ్రెండ్ ఒకడు తెగ తిడతాడు, కానీ అక్కడ దాచింది ఏముందండీ, క్లాక్ ఇద్దరికీ కనపడుతూనే ఉంది. బీజీఎంఐలో జోన్ బయట, ప్రాణం తగ్గిపోయే చోట కూర్చుని, ఫస్ట్ ఎయిడ్‌లు కొట్టుకుంటూ చికెన్ డిన్నర్ తినేవాడు (అంటే మ్యాచ్ గెలిచేవాడు) చూడ్డానికి చిరాగ్గా ఉంటాడు, గడ్డిలో పాములా పడుకునేవాడు ఇంకా చిరాకు, కానీ ఇద్దరూ ఎవరినీ మోసం చెయ్యట్లేదు. చిరాకు వేరు మోసం వేరు.

అదే టీమింగ్ తీసుకోండి. సోలో మ్యాచ్ అంటే ఎవడికి వాడే. ఇద్దరు దోస్తులు ఒకేసారి స్టార్ట్ కొట్టి ఒకే లాబీలో (అంటే ఒకే మ్యాచ్‌లో) పడి, ఒకే ఊళ్ళో దిగి, ఒకడినొకడు కొట్టుకోకుండా మిగతావాళ్ళని వేటాడతారు. అందులో హ్యాక్ లేదు, బగ్ కూడా లేదు, ఫోన్‌లో మాట్లాడుకుంటే చాలు. కానీ మిగతావాళ్ళకి ఈ సంగతి చెప్తే ఎవడైనా ఆ లాబీలో ఉంటాడా? అందుకే గేమ్ రూల్స్‌లో కూడా అది నిషేధం. లూడోలో నలుగురు కూర్చుంటే ఇద్దరు కలిసిపోయి మూడోవాడి కాయలు కొట్టడం కూడా ఇదే జాతి, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళే తొండి చేస్తారు అది వేరే విషయం. టీమింగ్‌ని మీ బాక్స్‌లో పెట్టడం కరెక్టే, ఒప్పుకుంటున్నా.

కానీ దాని పక్కనే ఐప్యాడ్ వ్యూ పెట్టారు చూడండి, ఆ కథ వేరు, అది సరిగ్గా తెలుసుకుని రాయాల్సింది. ఐప్యాడ్ తెర ఆకారం వల్ల గేమ్‌లో పైకీ కిందకీ ఎక్కువ కనపడుతుంది, ఫోన్‌లో అంత కనపడదు. ఒక పిల్లాడు వాళ్ళ నాన్నతో ఐప్యాడ్ కొనిపించుకుని ఆడితే అది పూర్తిగా లీగల్. ఇంకో పిల్లాడు తన చవక ఫోన్‌లో ఏదో ఫైలు మార్చి అదే వ్యూ తెచ్చుకుంటే అకౌంట్ బ్యాన్. ఇద్దరికీ వచ్చిన లాభం ఒకటే, ఒకడు డబ్బుతో కొనుక్కున్నాడు ఒకడు కెలికి తెచ్చుకున్నాడు. ఫైలు కెలకడం తప్పే, నేను కాదనను, కెలకనిస్తే రేపు ఇంకేదో కెలుకుతారు. కానీ ఫెయిర్‌నెస్ గురించి ఇంత పెద్ద పేజీ రాసినప్పుడు ఎక్కువ ఎఫ్‌పీఎస్ ఇచ్చే (బొమ్మ సాఫీగా కదిలే) ఖరీదు ఫోను, ఫోన్‌కి తగిలించుకునే ట్రిగ్గర్లు, పింగ్ (నెట్ ఆలస్యం) తక్కువ వచ్చే ఫైబర్ నెట్, వీటి గురించి ఒక్క లైను లేదేంటి? పల్లెటూళ్ళో మొబైల్ డేటా మీద ఆడేవాడికి బుల్లెట్ తగిలిందని తెలిసేసరికే వాడు చచ్చి ఆట బయట ఉంటాడు. ఇవి రూల్ ప్రకారం తప్పులు కావు, అందుకే ఎవరికీ కనపడవు. కావాలంటే కంపెనీ తెర ఏదైనా వ్యూ ఒకటే ఉండేలా చెయ్యొచ్చు కదా, చెయ్యనంత కాలం ఆ కెలికిన పిల్లాడిని ఒక్కడినే దొంగ అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో జబ్బు ఉంది, మీరు అసలు ప్రస్తావించనిది, ఐడీ ఒకడిది ఆట ఇంకొకడిది. డబ్బులిచ్చి బాగా ఆడేవాడి చేత తన అకౌంట్‌లో ర్యాంక్ పుష్ చేయించుకుని (పెంచుకుని), అందరికన్నా పై ర్యాంక్ వాళ్ళకిచ్చే కాంకరర్ ఫ్రేమ్ పెట్టుకుని తిరగడం. మనకిది కొత్తేం కాదులెండి, పందెం కాసింది దుర్యోధనుడు, పాచికలు వేసింది శకుని. ఒకడి బదులు ఇంకొకడు ఆడటం నాకు సరిగ్గా అనిపించట్లేదు అని ధర్మరాజు అన్నాడు కూడా, అని, కూర్చుని ఆడాడు. అభ్యంతరం చెప్పడానికి అక్కడ ఒక అంపైర్ లేడు, ఉన్న పెద్దలంతా తలలు దించుకున్నారు. ఈ రోజుల్లో కస్టమ్ రూమ్ (టోర్నమెంట్ కోసం విడిగా పెట్టుకునే మ్యాచ్) అడ్మిన్లని చూస్తే నాకు ఆ సభే గుర్తొస్తుంది, కానీ ఆ సంగతికి తర్వాత వస్తా.

కంపెనీలు కూడా శుద్ధపూసలేం కావు. ఈవ్ ఆన్‌లైన్ అని ఐస్‌ల్యాండ్ కంపెనీ సీసీపీ వాళ్ళ గేమ్ ఉంది, అందులో నమ్మించి ముంచడం, గూఢచారులని పంపడం, దోచుకోవడం అన్నీ ఓపెన్‌గా అనుమతే, ముందే చెప్పేస్తారు, నచ్చితే రా లేకపోతే లేదు. 2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే పెద్ద కూటమిలో ఒక డైరెక్టర్ ప్రత్యర్థుల వైపు మారిపోయి, తనకున్న అధికారంతో కూటమినే రద్దు చేసి పారేసాడు, ఏళ్ళు కష్టపడి కట్టింది ఒక్క రోజులో కూలింది, కంపెనీ జోక్యం చేసుకోలేదు. కఠినంగా అనిపిస్తుంది గానీ రూల్ ముందే తెలుసు కాబట్టి అది న్యాయమే. కానీ అదే గేమ్‌లో 2007లో బయటపడిన సంగతి వేరు, కంపెనీ ఉద్యోగే ఒకడు అరుదైన బ్లూప్రింట్లు (గేమ్‌లో సామాన్లు తయారు చేసుకునే నమూనాలు) అడ్డదారిలో సంపాదించుకుని ఆడాడు, అతను ఉన్నదీ ఆ బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ కూటమిలోనే. ఆటగాళ్ళు అంత గోల చేసాక కంపెనీ దిగొచ్చి, ప్లేయర్లు ఓట్లేసి ఎన్నుకునే కౌన్సిల్ ఒకటి పెట్టింది. చూసారా, ప్లేయర్ ప్లేయర్‌ని మోసం చేస్తే తట్టుకున్న జనం, అంపైర్ ఆటలో దిగితే మాత్రం తట్టుకోలేదు. మన దగ్గర ఏ గేమ్‌కైనా ఇలాంటి కౌన్సిల్ ఉందని నేనైతే వినలేదు.

ఇప్పుడు మనకి కొంచెం నొప్పి కలిగించే సంగతి చెప్తా. 2020 ఆగస్టులో కరోనా వల్ల చెస్ ఒలింపియాడ్ ఆన్‌లైన్‌లో పెట్టారు, మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ముగ్గురూ ఇండియా టీమ్‌లో ఉన్నారు. సెమీఫైనల్లో పోలండ్ మీద విజేతని తేల్చే చివరి ఆర్మగెడాన్ గేమ్ హంపి గెలిచి ఫైనల్‌కి తీసుకెళ్ళింది, ఆ రోజు మేమంతా స్క్రీన్ ముందు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాం. ఫైనల్ రష్యాతో. రెండో రౌండ్‌లో మన నిహాల్ సరీన్‌కి, దివ్య దేశ్‌ముఖ్‌కి కనెక్షన్ పోయింది, టైమ్ అయిపోయి ఓడిపోయినట్టు వచ్చింది, రష్యా గెలిచిందన్నారు. మనవాళ్ళు అప్పీల్ చేసారు, నెట్ సమస్య చాలా దేశాల్లో వచ్చింది అన్నారు, చివరికి ప్రపంచ చెస్ సంస్థ ఫిడే ప్రెసిడెంట్ ద్వోర్కోవిచ్ ఇద్దరికీ గోల్డ్ ఇచ్చేసాడు. పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి, మీదీ చేసుకునే ఉంటుంది, నేనూ చేసుకున్నా. కానీ రెండు రోజుల ముందు క్వార్టర్ ఫైనల్లో ఏం జరిగిందో ఎంతమందికి గుర్తుంది? ఆర్మీనియా కుర్రాడు మార్టిరోస్యాన్‌కి ఇదే నిహాల్‌తో ఆడుతుండగా కనెక్షన్ పోయింది, టైమ్ మీద ఓడిపోయినట్టు రాసారు. వాళ్ళూ అప్పీల్ చేసారు. కనెక్షన్ ఎవరిది వాళ్ళదే బాధ్యత అని రూల్‌లో ఉంది కాబట్టి అప్పీల్ కొట్టేసారు. ఆర్మీనియా వాళ్ళు ఒళ్ళు మండి రెండో సెట్ ఆడకుండా వెళ్ళిపోయారు, మనం సెమీస్‌కి వెళ్ళాం. అంటే ఒకే టోర్నమెంట్, ఒకే రూల్, శుక్రవారం ఒకలాగ ఆదివారం ఇంకోలాగ. ఫైనల్లో వచ్చింది పెద్ద అవుటేజ్, కాబట్టి గోల్డ్ పంచడం తప్పని నేను అనను. కానీ ఆ మనసు శుక్రవారం కూడా ఉండి ఉంటే, కనీసం ఆ ఒక్క గేమ్ మళ్ళీ ఆడించి ఉంటే, మన గోల్డ్ ఇంకా గర్వంగా ఉండేది. మనవాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు ఇందులో, రూల్ మనకి కలిసొచ్చినప్పుడు రూల్ రూలే అనడం, కలిసిరానప్పుడు స్పిరిట్ గుర్తుకురావడం, ఈ అలవాటు అందరికీ ఉంది. క్రికెట్‌లో నాన్ స్ట్రైకర్‌ని రనౌట్ చేస్తే ఇంగ్లండ్ వాళ్ళు ఎంత ఏడ్చారో 2022లో దీప్తి శర్మ చార్లీ డీన్‌ని అవుట్ చేసినప్పుడు చూసాం కదా, అదే ఏడాది క్రికెట్ రూల్స్ రాసే ఎంసీసీ ఆ రూల్‌ని అన్‌ఫెయిర్ ప్లే అనే సెక్షన్ లోంచి తీసి మామూలు రనౌట్ సెక్షన్‌లో పెట్టింది, చిన్న మార్పే, కానీ బౌలర్ నెత్తిన ఉన్న నింద దిగిపోయింది.

ఇక మన ఊళ్ళ సంగతి. ఇప్పుడు ప్రతి కాలేజీ ఫెస్ట్‌లో బీజీఎంఐ టోర్నమెంట్ కంపల్సరీ. ఎంట్రీ ఫీజు కట్టాలి, వాట్సాప్ గ్రూప్‌లో స్లాట్ లిస్ట్ పెడతారు, మ్యాచ్‌కి కొంచెం ముందు రూమ్ ఐడీ పాస్‌వర్డ్ పెడతారు, రూల్స్ అని ఒక ఇమేజ్ పెడతారు, అందులో చివరి లైను ఎప్పుడూ ఒకటే, అడ్మిన్ డెసిషన్ ఈజ్ ఫైనల్. మా తమ్ముడి టీమ్ ఇలాంటి ఒక ఫెస్ట్‌లో ఆడింది. ఫ్లేర్ గన్ (పేలిస్తే పైనుంచి సామాన్ల పెట్టె పడుతుంది) దొరికితే వాడారు, ఆ డ్రాప్ వచ్చింది, అందులో గన్ తీసుకుని మ్యాచ్ కొట్టారు. పాయింట్స్ టేబుల్ వచ్చేసరికి వీళ్ళ పేరు లేదు. అడిగితే ఫ్లేర్ గన్ నాట్ అలౌడ్ భయ్యా, అందరికీ తెలిసిందే కదా అన్నారు. రూల్స్ ఇమేజ్‌లో చూపించు అంటే అందులో లేదు. రూమ్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆఫ్ చేసుకునే వీలు రూమ్ పెట్టినోళ్ళకే ఉంటుంది, చేసుకోలేదు. గ్రూప్‌లో ఇంకో రెండు ప్రశ్నలు అడిగేసరికి మావాడిని గ్రూప్ నుంచి తీసేసారు, ఎంట్రీ ఫీజు సంగతి అడిగేవాడే లేడు. పైగా ఆ తర్వాత మావాడిని చీటర్ అని స్టోరీలు పెట్టారు. ప్రైజ్ మనీ పోయిందని వాడు పెద్దగా బాధపడలేదు, ఆ ఒక్క మాటకి మాత్రం వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మీ పేజీ చదివినప్పుడు నాకెందుకు అంత కోపం వచ్చిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

రాయని రూల్‌ని మ్యాచ్ అయ్యాక పుట్టించడం కన్నా పెద్ద తొండి లేదండి. గల్లీ క్రికెట్‌లో కూడా గోడ మీద నుంచి వెళ్తే అవుట్ అని ముందే అనుకుని ఆడతాం, కొట్టాక అనుకోం.

ఇది ఇప్పుడెందుకు ముఖ్యం అంటే, 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది, డబ్బు పందెం గేమ్స్ అన్నీ ఆపేసింది, ఈస్పోర్ట్స్‌ని (పోటీగా ఆడే వీడియో గేమ్స్‌ని) మాత్రం విడిగా గుర్తించింది, ఎంట్రీ ఫీజు పెట్టి ప్రైజ్ మనీ ఇచ్చే పోటీలు పెట్టుకోవచ్చు అంది. రమ్మీ లాంటివి తెలంగాణలో 2017లోనే, ఆంధ్రాలో 2020లోనే నిషేధించారు, కాబట్టి ఆ భాగం మనకి పెద్ద కొత్త కాదు. కొత్తది ఈ రెండో భాగమే. అంటే రేపటి నుంచి ఈ కుర్రాళ్ళు ఆడేది ఆట కింద లెక్క, టైమ్ పాస్ కింద కాదు. మరి కబడ్డీకి ఉన్నట్టు దీనికి రిఫరీ ఎవరు, అప్పీల్ ఎక్కడ, రూల్ బుక్ ఏ భాషలో? స్పాన్సర్లు వస్తారు, పెద్ద స్టేజీలు వస్తాయి, లైటింగ్ అదిరిపోతుంది, అడ్మిన్ డెసిషన్ ఈజ్ ఫైనల్ అన్న లైను మాత్రం అలాగే ఉంటుంది అని నా భయం.

టోర్నమెంట్లు పెట్టేవాళ్ళని నేను అడిగేది పెద్ద ఖర్చు పని ఏమీ కాదు. రూల్స్ ముందు రోజే పెట్టండి, తెలుగులో పెట్టండి, ఏ గన్ వద్దు, ఏ చోట ఎక్కొద్దు, నెట్ పోతే ఏంటి, ఫోన్ కాల్ వస్తే ఏంటి అన్నీ రాయండి. రాయనిది ఎవడైనా చేస్తే ఆ మ్యాచ్ మళ్ళీ ఆడించండి, ఆ రాత్రే రూల్ రాయండి, రెండోసారి చేస్తే అప్పుడు బ్యాన్ చెయ్యండి, నేనే వచ్చి చప్పట్లు కొడతా. మ్యాచ్ రికార్డింగ్ దాచండి. రూమ్ పెట్టినోడి ఫ్రెండ్స్ టీమ్ ఆడుతుంటే ఆ రోజుకి అడ్మిన్ ఇంకొకడు ఉండాలి. బగ్ దొరికి చెప్పినోడికి కనీసం ఎంట్రీ ఫీజు వెనక్కివ్వండి, అప్పుడు చూడండి ఎంతమంది దాచకుండా చెప్తారో. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు తప్పు పట్టుకున్నోళ్ళకి డబ్బులిస్తున్నాయి, మన దగ్గర పట్టుకున్నోడిని గ్రూప్ నుంచి తీసేస్తున్నారు.

మీకు నా రిక్వెస్ట్ ఏంటంటే, ఈసారి ఇలాంటి పేజీ వేసేటప్పుడు ఆడే కుర్రాళ్ళు ఇద్దరిని, టోర్నమెంట్ పెట్టేవాళ్ళు ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడించండి, మానసిక నిపుణుల మాటలు ఎలాగూ ఉంటాయి. సంక్రాంతికి మన జిల్లాల్లో మళ్ళీ బోలెడు టోర్నమెంట్లు వస్తాయి, మీ విలేకరులు ప్రైజ్ మనీ ఎంత, ముఖ్య అతిథి ఎవరు అని రాసేముందు రూల్స్ కాగితం ఒకటి అడిగి తీసుకుంటే చాలు, సగం మంది దగ్గర ఉండదు, ఆ సంగతే వార్త రాయండి.

ఉత్తరం పెద్దదైపోయింది, మీకు చోటు చాలదని తెలుసు. కత్తిరించాల్సి వస్తే మా తమ్ముడి సంగతి తీసేసినా పర్లేదు, ఆర్మీనియా పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ